వాగొడ్డు ప్రథమ ఫలం

ఏసుపాదం వాగు ఒడ్డున నిలబడి, పంచె ఎగ్గట్టి, ఒకటీ రెండూ మూడూ అని పైకి లెక్కపెడుతూ చెట్లలోకి నడుస్తుంటే, జామాయిల్ తోట కొట్టడానికి వచ్చిన వాళ్ళంతా గొడ్డళ్ళు కింద పెట్టి మరీ నవ్వారు. ఇరవయ్యో అడుగు దగ్గరున్న చెట్టుకి ఒక ఎర్ర గుడ్డపీలిక కట్టాడు. మళ్ళీ ఒడ్డుకి వచ్చి, నాలుగు బారలు పక్కకి జరిగి, మళ్ళీ ఒకటీ రెండూ. అలా వాగుకి రెండు పక్కలా పీలికలు కట్టేసరికి ఒక పూట గడిచింది, ఇంట్లో ఒక పాతచీర ఖర్చయింది.

"ఈ పీలికలకీ వాగుకీ మధ్యనున్న చెట్ల మీద రంపం పడ్డానికి వీల్లేదు. పుల్ల విరవాలన్నా నన్నడగండి," అని చెప్పాడు.

"ఇంతకీ ఆ అడుగులు ఎవరివండీ? ఫారెస్టు మేడమ్ గారివా, మీవా? మీవైతే వాగుకి నష్టమే కదండీ," అన్నాడు ట్రాక్టరు బుల్లిరాజు. అందరూ మళ్ళీ నవ్వారు. ఏసుపాదం పొట్టివాడు. తనూ నవ్వాడు గానీ, పీలిక ఒక్కటి కూడా వెనక్కి జరపలేదు.

గువ్వలపేట నలభై గడపల ఊరు. పెద్దాపురం దాటి మెట్టలోకి పోయే రోడ్డు పక్కన, కొండ వాలుని ఆనుకుని ఉంటుంది. అందరూ కూలీనాలీ చేసుకునే లూథరన్ సంఘం వాళ్ళే. కొండ మీది తోట అటవీశాఖదే అయినా, మొక్క నాటిన దగ్గర్నుంచీ కాపలా కాసింది ఊరివాళ్ళే, వనసంరక్షణ సమితి అని పేరు పెట్టుకుని. కాపలా వీళ్ళదైనా కోత మాత్రం ఎప్పుడూ కాంట్రాక్టరుదే. బీట్ ఆఫీసర్ సారిక పై ఆఫీసులో పట్టుబట్టి, ఈసారి కోత కూడా సమితికే ఇప్పించింది. సమితికి అధ్యక్షుడు ఏసుపాదం. గుడిలో సంఘపెద్ద కూడా ఆయనే. రెండు పదవులకీ జీతం లేదు, మాటలు పడడం మాత్రం రెండు చోట్లా ఉంది.

పీలికలు కట్టిందంతా ఊటబావి కోసం. వాగు కొండ దిగి పొలాల్లోకి మళ్ళే చోట, ఒడ్డుని ఆనుకుని ఉంటుంది ఆ బావి. నిండు వేసవిలో కూడా వంగి చెంబు ముంచుకోవచ్చు. ఊళ్ళో వేసిన రెండు బోర్ల నీళ్ళు గిన్నెలు తోముకోవడానికి తప్ప దేనికీ పనికిరావు. నలభై ఇళ్ళకీ తాగే నీరు ఆ బావిదే. పక్కనున్న రాళ్ళపాలేనికీ ఒకప్పుడు అలాంటి బావే ఉండేది. ఏడేళ్ళ కిందట వాళ్ళ కొండని కాంట్రాక్టరు నున్నగా గొరిగించి, దుంగల్ని ట్రాక్టరుకి కట్టి వాలు మీద నిట్టనిలువునా ఈడ్పించాడు. ఈడ్చిన చాళ్ళు కాలవలయ్యాయి. మొదటి వానకే కొండ మీది ఎర్రమట్టి దిగొచ్చి బావి పూడిపోయింది. రెండుసార్లు తోడారు, రెండుసార్లూ పూడింది. ఇప్పటికీ రాళ్ళపాలెం వాళ్ళు నీళ్ళ టిన్నులు కొనుక్కునే తాగుతున్నారు.

అందుకే సారిక చెప్పిన ప్రతి మాటా ఏసుపాదం వాక్యం విన్నట్టు విన్నాడు. నరికిన కొమ్మారెమ్మా తగలబెట్టకుండా వాలుకి అడ్డంగా పరిపించాడు. ట్రాక్టరు కొండ చుట్టూ తిరిగే దారినే దిగాలన్నాడు. వాగు దాటడం రాతిబండ ఉన్న ఒక్క చోటే అన్నాడు. తొలకరి లోపల పని ముగించాలని జనాన్ని పరుగులు పెట్టించాడు. ఈ ఏడాదికి ఇచ్చిన సగం కొండా కొట్టారు. నరికిన కర్రంతా లారీలకెక్కింది. ఒక్క చాలు నిట్టనిలువుగా పడలేదు, వాగులో ఒక్క చక్రం దిగలేదు.

ఇక ప్రథమ ఫలం ఒకటి మిగిలింది.

గువ్వలపేటలో ఏది చేతికొచ్చినా మొదటిది గుడికే. మొదటి అరటిగెల, మొదటి కుంచెడు ధాన్యం, ఆఖరికి గేదె ఈనితే మొదటి జున్ను కూడా పాస్టరు గారింటికి వెళ్తుంది. ఇచ్చేది మచ్చలేనిదై ఉండాలి. ఎప్పుడో ఒకాయన పుచ్చు వంకాయలు పెట్టాడని మూడేళ్ళు చెప్పుకున్నారు. అలాంటి ఊరికి మొట్టమొదటిసారి అడవి చేతికొస్తే ఊరుకుంటారా? గుడి ముందు వరండాకి స్తంభాలూ దూలాలూ ఇద్దామని అందరూ ఒక్కమాట మీద అనుకున్నారు. సమితి వాటా కిందే తీసుకుంటామని సారికకి ముందే చెప్పారు, ఆవిడ సరేనంది కూడా.

ఆ వరండా ఏసుపాదం మేనత్త రత్తమ్మ కోరిక. డెబ్భై ఏళ్ళు దాటిన మనిషి. గుడి చిన్నది, ఆవిడకి మోకాళ్ళు వంగవు. అందుకని బయట మెట్ల పక్కన స్టూలు వేసుకుని, కిటికీలోంచి ప్రసంగం వింటుంది. పైనున్న తాటాకు చూరు తుఫానుకి ఎగిరిపోయాక ఎండకి కొంగు, వానకి గొడుగు. "నేను పోయేలోగా ఆ వరండా వేస్తార్రా? లేకపోతే నన్ను పెట్టెలో పెట్టాకే లోపలికి తీసుకెళ్తారా?" అని మూడేళ్ళుగా ప్రతి ఆదివారం మేనల్లుణ్ణి అడుగుతూనే ఉంది.

గురువారం పొద్దున్న ఆఖరి లారీతో ఏసుపాదం రాజమండ్రి కాగితం మిల్లుకి బయల్దేరాడు. లారీ కదులుతుంటే తల బయటికి పెట్టి, రంపం మిషన్ పట్టుకున్న వాళ్ళకి కేకేసి చెప్పాడు.

"గుడివి మర్చిపోకండి! దేవుడికిచ్చేవి, మంచివి చూసి తియ్యండి. వంకరటింకరవి పెట్టారంటే నేనూరుకోను!"

మిల్లు దగ్గర లారీల వరస మైలు పొడుగుంది. రెండు రాత్రులు లారీ కిందే పడుకుని, శనివారం మధ్యాహ్నం సామర్లకోటలో బస్సు దిగి, ఆటోలో ఊరు చేరాడు. గుడి ముందు జనం పోగై ఉన్నారు. మధ్యలో పద్నాలుగు దుంగలు, తొక్క వలిచి, తెల్లగా, బాణంలా సూటిగా ఉన్నాయి. ఒక్కోటీ మనిషి రెండు చేతులూ చుట్టేంత లావు. పైన బంతిపూల దండలు వేశారు. నిన్న ఉపవాస ప్రార్థనలో పాస్టరు గారు చేతులుంచి ప్రార్థన కూడా చేశారట. రత్తమ్మ ఒక దుంగని దూడని నిమిరినట్టు నిమురుతోంది.

"చూశావా ఏసుపాదం! మంచివి తియ్యమన్నావుగా. ఇంతకన్నా మంచివి ఉంటాయేంట్రా?"

ఏసుపాదం దుంగల లావు కేసి చూశాడు. కొండ మీద అంత లావు చెట్లు ఎక్కడ పెరుగుతాయో ఆయనకి తెలుసు. పైన రాతినేలలో పెరిగినవన్నీ సన్నం. కాళ్ళు తడిలో పెట్టుకుని పెరిగినవే అలా ఊరతాయి.

చేతిసంచీ అక్కడే పడేసి వాగు దగ్గరికి పరిగెత్తాడు.

పీలికలు కట్టిన చోటే ఉన్నాయి. వాటికి లోపల, బావికి సరిగ్గా ఎగువన, పద్నాలుగు మోళ్ళు పచ్చిగా ఉన్నాయి. మోళ్ళని మించిన ఘోరం వాటి పక్కనుంది. ఒడ్డు మీంచి వాగులోకి, వాగులోంచి బావి పక్కకి, మోకాలి లోతున ఒక చాలు. కొండ ఒళ్ళు చీరినట్టు ఎర్రగా ఉంది.

అరుగు మీద కూర్చుని బీడీ కాలుస్తున్న బుల్లిరాజు, తిరిగొస్తున్న ఏసుపాదాన్ని చూసి లేచి నిలబడ్డాడు.

"నన్నేమీ అనకండి. స్తంభాలు కదండీ, ముక్కలు చెయ్యొద్దన్నారు. అంత పొడుగు దుంగలు చుట్టుదారి మలుపుల్లో తిరగవండి. గుడికండీ అన్నారు. కాదంటే ఆ పాపం నాకెందుకని ఒడ్డు మీంచే లాగేశాను."

"పీలికలు కనపళ్ళేదా బుల్లిరాజు గారూ?"

"కనపడ్డాయండి. మీ వాళ్ళనడిగాను కూడా. పెద్దాయనే మంచివి చూసి తియ్యమన్నారు, పీలిక కట్టిందీ ఆయనే, దేవుడి కోసమైతే ఆయనే ఒప్పుకున్నట్టే అన్నారు. అదీకాక జామాయిల్ ఊరికే నీళ్ళు పీల్చేస్తుంది కదండీ, బావి పక్కన కొట్టేస్తే మంచిదే అనుకున్నాం."

జామాయిల్ నీళ్ళు పీల్చే మాట నిజమే. అది సారికా చెప్పింది. కానీ ముందు ఒడ్డున కానుగ మొక్కలు నాటి, అవి వేళ్ళు పట్టుకున్నాక ఏడాదికొకటీ అరా చొప్పున ఈ చెట్లు తియ్యాలంది. పట్టుకునే చెయ్యి ఇంకోటి వచ్చాకే ఈ చెయ్యి వదలాలి. ఇక్కడేమో ఒక్కరోజులో అన్ని చేతులూ నరికేశారు.

ఏసుపాదం ఎవర్నీ తిట్టలేకపోయాడు. తిడదామని నోరు తెరిచినప్పుడల్లా లారీలోంచి తను వేసిన కేకే చెవిలో మోగింది. ఎక్కడివి తియ్యకూడదో ఆ రోజు మళ్ళీ ఒక్క ముక్క చెప్పి ఉంటే సరిపోయేది.

ఫోనులో వాతావరణం మెసేజీ వచ్చి అప్పటికే రెండు గంటలైంది. అల్పపీడనం, ఆదివారం మధ్యాహ్నం నుంచి భారీ వర్షం. మళ్ళీ వాగు దగ్గరికి వెళ్ళి, చాలు మధ్యలో నిలబడి కొండకేసి చూశాడు. పైనుంచి వచ్చే నీరంతా ఇందులోకే దిగుతుంది, నేరుగా బావిలోకి పోతుంది. ఆపాలంటే చాలుకి అడ్డంగా బరువైన దుంగలు పడుకోబెట్టి, వెనక కొమ్మలు కుక్కి, నీటిని పక్కల ఆకుల మీదికి మళ్ళించాలి. సన్నకర్ర వేస్తే వరదకి తేలిపోతుంది. కొండ మీద కొట్టినదంతా సన్నకర్రే, అదీ లారీలకెక్కి పోయింది. ఉన్నవి గుడి ముందే, పూలదండలతో.

పాస్టరు ప్రేమ్ కుమార్ ముప్పై ఏళ్ళ వాడు, ఆయనకిదే మొదటి సంఘం. ఏసుపాదం చెప్పిందంతా విని, అద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు.

"నిన్ననే ప్రార్థన చేశామండి," అన్నాడు చివరికి.

"తెలుసండి."

"గంట కొట్టించండి. మీరే చెప్పండి అందరికీ."

సాయంత్రం వెలుగుండగానే గుడి నిండింది. ఏసుపాదం ముందు నిలబడ్డాడు. సంఘపెద్దగా ఎన్నోసార్లు నిలబడ్డ చోటే, కానీ ఈసారి చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"తప్పు నాది. మంచివి తియ్యమన్నాను, ఎక్కడివో చెప్పలేదు. మీరు మనసారా మంచివే తెచ్చారు. కానీ ఆ పద్నాలుగూ మనవి కావు. అవి బావివి. మనది కానిది తెచ్చి దేవుడికిచ్చాం. రేపు వానొస్తుంది. వాటిని ముక్కలు కోసి చాలుకి అడ్డం వెయ్యకపోతే, ఎల్లుండి మనం రాళ్ళపాలెం వాళ్ళమే."

కిటికీ బయటి నుంచి రత్తమ్మ గొంతు వినబడింది.

"ఇచ్చింది వెనక్కి తీసుకుంటార్రా? ఇచ్చేసి, ప్రార్థన కూడా అయ్యాక? నేను పుట్టి బుద్ధెరిగాక ఇలాంటిది విన్లేదు. ముక్కలు కోస్తే మళ్ళీ స్తంభాలవుతాయా?"

"అవ్వవత్తా."

"ఇంక నా వరండా?"

ఏసుపాదం తల వంచుకున్నాడు. అందరూ పాస్టరు గారి మొహం కేసి చూశారు.

"ఇచ్చింది ఇచ్చిందేనండి. వెనక్కి రాదు," అన్నాడు ప్రేమ్ కుమార్ నెమ్మదిగా. "అయితే అవి గుడి ముందే ఉండాలని నిన్న నేను ప్రార్థన చెయ్యలేదు. బావి దగ్గర పెట్టినా దేవుడివే. రేపు ఆరాధన ఆరింటికే పెట్టుకుందాం, అరగంటలో ముగిద్దాం. గొడ్డళ్ళూ పలుగులూ వెంట తెచ్చుకోండి."

ఆదివారం పని అంటే ముక్కున వేలేసుకునే ఊరది. అయినా ఆరింటికి గుడి గోడ వెంబడి పలుగులు వరసగా ఆనించి ఉన్నాయి. రత్తమ్మ ఎవరితోనూ మాట్లాడలేదు. రంపం మొదటి దుంగలో దిగుతుంటే మాత్రం వెళ్ళి, దాని మీది బంతిపూల దండ తీసి, మడిచి ఒళ్ళో పెట్టుకుంది. పద్నాలుగు దండలూ అలాగే తీసింది. తర్వాత కొంగు బిగించి ఆడవాళ్ళతో కలిసి కొమ్మలు మొయ్యడానికి బయల్దేరింది. మోకాళ్ళ సంగతి ఎవరో ఎత్తితే కసురుకుంది.

బుల్లిరాజు పిలవకుండానే ట్రాక్టరు తెచ్చాడు. ముక్కల్ని చుట్టుదారినే, మూడు రెట్లు దూరం తిప్పి, రాతిబండ మీంచి దాటించాడు. చాలుకి అడ్డంగా పది బారలకొకటి పడుకోబెట్టారు. కదలకుండా గుంజలు పాతారు, వెనక కొమ్మలు కుక్కి తొక్కారు. ప్రతి దుంగ దగ్గరా నీరు పక్కకి పోయేలా చిన్న కందకం తవ్వారు. చివరి దుంగ వేసేసరికి రెండున్నరయింది. అన్నానికి కూర్చోబోతుంటే వాన పట్టుకుంది.

అది మామూలు వాన కాదు. ఏసుపాదం గోనెసంచి నెత్తిన వేసుకుని చాలు పక్కనే కూర్చున్నాడు. ఎర్రనీళ్ళు పరవళ్ళు తొక్కుతూ దిగి, మొదటి దుంగని గుద్దుకుని, ఒక్క క్షణం తటపటాయించి పక్కకి తిరిగాయి. రెండోది, మూడోది. ఆరో దుంగ కింద గండి పడబోతే నలుగురు ఒళ్ళడ్డం పెట్టి మట్టి కూరారు. చీకటి పడే వేళకి వాన తగ్గింది. బావి నీళ్ళు టీ రంగులో ఉన్నాయి. ఇంకో రోజుకి మజ్జిగతేటలా అయ్యాయి. మంగళవారం పొద్దున్న వంగి చూస్తే అడుగున గులకరాళ్ళు కనిపించాయి. ఏసుపాదం దోసిట్లో నీళ్ళు తీసుకుని తాగి, అక్కడే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఆ రోజే సారిక వచ్చింది. రమ్మని ఫోను చేసింది ఏసుపాదమే. దాచుకుంటే దాగేది కాదు, దాచాలనీ ఆయనకి లేదు. ఆవిడ మోళ్ళు లెక్కపెట్టింది, కొలతలు తీసింది. మొహం ఎర్రబడింది.

"మీకిప్పించడానికి ఆఫీసులో ఎన్ని మాటలు పడ్డానో తెలుసా అండీ? ఎవరు కొట్టమన్నారు?"

"నేనేనండి. ఇంకెవరి పేరూ రాయకండి."

"రాయకుండా ఎలా కుదురుతుంది ఏసుపాదం గారూ? మిగిలిన సగం కొండ పని ఆపించాల్సిందే. మీ పదవి సంగతి మీటింగులో తేలుతుంది. దుంగలు జప్తు చేసి డిపోకి పంపాలి. ట్రాక్టరు పిలిపించండి."

పదవి పోతుందన్న మాటకి ఏసుపాదం కదల్లేదు. ఆ చివరి మాటకి మాత్రం గబుక్కున బావికేసి తిరిగాడు. దుంగలు పీకితే, వాటి వెనక మోకాలెత్తు ఆగి ఉన్న మట్టంతా రేపటి వానకి బావిలోనే పడుతుంది. సారికకి చేతులు జోడించాడు.

రత్తమ్మ అప్పటికే చివరి దుంగ మీద కూర్చుని ఉంది. కర్ర పక్కన పెట్టుకుంది.

"అవి మావి కావమ్మా తీసుకెళ్ళడానికి. దేవుడివి. మేం అడిగి తెచ్చి ఇక్కడ పెట్టుకున్నాం. నువ్వు కూడా ఆయన్నే అడుగు."

సారిక దుంగ దగ్గరికి వచ్చింది. కిందికి వంగి, దుంగ వెనక పేరుకున్న మట్టిలో వేళ్ళు దించి చూసింది. మోచేతి దాకా దిగింది. లేచి బావికేసి చూసింది, గులకరాళ్ళ కేసి చూసింది. చెయ్యి కడుక్కుని ఫోనులో పై ఆఫీసరుతో చాలాసేపు మాట్లాడింది. తర్వాత కాగితం తీసింది.

"జప్తు రాయక తప్పదు. కాకపోతే సరుకుని కదపకుండా ఉన్నచోటే ఒకరి పూచీ మీద వదలొచ్చట. పూచీ ఎవరుంటారు? మీరు పనికిరారు, తప్పు మీ పేరున ఉంది. పాస్టరు గారూ పనికిరారు, సరుకు పుచ్చుకున్నది ఆయనే."

ఎవరూ ముందుకి రాలేదు. రత్తమ్మే చెయ్యి చాపింది.

"ఇలా ఇవ్వు. ఎన్నాళ్ళు కాయాలేంటి?"

"ఒడ్డున కానుగ మొక్కలు నాటిస్తాను మామ్మగారూ. అవి వేళ్ళు పట్టేదాకా. నాలుగేళ్ళు పడుతుంది, అయిదు కూడా పట్టొచ్చు."

రత్తమ్మ వేళ్ళ మీద లెక్కేసుకుని, తల పైకెత్తి ఒకసారి ఆకాశం కేసి చూసింది.

"వరండా పడేదాకా నన్నుంచమని అడిగేదాన్ని ఇన్నాళ్ళూ," అంది. "ఇప్పుడీ నాలుగేళ్ళు కూడా అడగాలి."

కాగితం మోకాలి మీద పరుచుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ సంతకం పెట్టింది.